ఉగ్గుగిన్నె, గుక్కెడు నీళ్లు, ఒక పాతగుడ్డ: ఏడాది దాటాక

పాపకి ఇంట్లోనే చిన్న చిన్న పనులు నేర్పడం మొదలుపెట్టి ఏడాది దాటింది. అప్పటికి దానికి ఏడాదిన్నర, ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఈలోపు ఫ్లాష్‌కార్డులు, చెక్క పజిళ్లు, నెలనెలా ఇంటికొచ్చే కిట్టు అన్నీ చూశాం. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది ఒక్క పళ్లెం గురించే. అందులో ఉండేవి మూడు: పాప ఉగ్గుగిన్నె, ఒక టీ గ్లాసు, చేతిరుమాలంత పాత నూలుగుడ్డ. మా ఇంట్లో ఇంతగా పనికొచ్చిన ఆటవస్తువు ఇంకొకటి లేదు. ముఖ్యంగా ఆ గుడ్డ.

గిన్నెలోంచి గ్లాసులోకి నీళ్లు వంపే ఆట నేను కనిపెట్టింది కాదు. పిల్లలు తమ చేతులతో పనులు చేస్తూ నేర్చుకునే మాంటిస్సోరి బళ్లలో నేర్పే నిత్యజీవిత పనుల్లో ఇదొకటి. ఆ పద్ధతిని మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి ఇక్కడి టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చారు. ఇప్పుడు ఆ పేరు తగిలించిన బుల్లి జగ్గులు బాగా ఖరీదు పెట్టి అమ్ముతున్నారు. కొనేముందు మీ అటక ఒకసారి చూడండి. ఉగ్గుగిన్నెకి సన్నటి మూతి ఎలాగూ ఉంటుంది, పిల్లల గుప్పిట్లో ఇముడుతుంది, పట్టేవి గుక్కెడు నీళ్లే. ఇంతకంటే ఏం కావాలి?

గ్లాసు విషయంలో మాత్రం ఒక మాట. మొదట స్టీలు గ్లాసు పెట్టాను. పక్కనుంచి చూస్తే నీళ్లు ఎంతవరకు వచ్చాయో అందులో కనిపించవు. పాప పోస్తూనే ఉండేది, అది పొంగిపోయేది. టీ కొట్లలో వాడే దళసరి గాజు గ్లాసు పెట్టాక, నీళ్లు పైకి ఎక్కుతుంటే చూసి చెయ్యి ఆపడం మొదలైంది. "గాజుదా అమ్మా, చంటిపిల్ల చేతికి?" అని మా అత్తయ్య భయపడ్డారు. కింద చాప పరిచి, నేను పక్కనే కూర్చుంటానని ఒప్పించాను.

ఇక గుడ్డ. నిజానికి అది నేను పెట్టుకున్నది నా కోసం, ఒలికితే తుడవడానికి. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం నీళ్లు పళ్లెం దాటి చాప మీదికి పారాయి. నేను గుడ్డ అందుకునేలోపే పాప లాక్కుంది. "నేనే, నేనే" అంటూ అరచేత్తో అదిమి రుద్దింది. నీళ్లు ఇటునుంచి అటు జరిగాయే తప్ప తగ్గలేదు. గుడ్డ బాగా నానాక పైకెత్తింది. చివర నుంచి చుక్కలు పడుతుంటే నోరు తెరుచుకుని చూసింది. నేను ఏమీ మాట్లాడకుండా, ఆ గుడ్డని గ్లాసులోకి ఒక్కసారి పిండి చూపించి తిరిగి ఇచ్చేశాను. దాని వేళ్లకి అంత బలం ఎక్కడిది? రెండు చేతులతో గుడ్డని పొట్టకి ఆనించి నొక్కింది. గౌను తడిసింది, గ్లాసులో నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ నాలుగు చుక్కలకి దాని మొహం చూడాలి! మళ్లీ నీళ్లలో ముంచడం, మళ్లీ నొక్కడం. "అన్నం చల్లారిపోతోంది, రావే బంగారం" అని అత్తయ్య పిలుస్తూనే ఉన్నారు. కదిలితేనా! పజిల్ ముందు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల, గౌను మోకాళ్ల దాకా తడిసి బరువెక్కేదాకా అక్కడే ఉంది.

ఆ రోజు నుంచి వంపడం పక్కకి పోయింది, తుడవడమే ఆటైంది. "అది ఒలకబోసేదే తుడవడానికమ్మా" అని కనిపెట్టింది అత్తయ్యే. గుడ్డ నాలుగు మడతలు పెట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే. ఒక పక్క తడిస్తే తిప్పి ఇంకో పక్కతో తుడవాలని ఎదురుగా కూర్చుని తుడిచి చూపించారు. ఏ కార్డు మీదా లేని పాఠం అది. మడతలు సరిగా రావడానికి కొన్ని నెలలు పట్టింది, ఇప్పటికీ మూలలు కలవవు. కానీ తిప్పడం మాత్రం మర్చిపోదు.

తర్వాత ఆరవేయడం. పాప ఎత్తుకి పెరట్లో ఒక తాడు కట్టాం, బట్టల క్లిప్పు ఇచ్చాం. మొదట రెండు చేతులతోనూ దాని నోరు తెరుచుకోలేదు. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలుతో నొక్కి పెట్టేస్తుంది. పెన్సిల్ పట్టించే తొందర నాకు లేదు గానీ, ఆ పట్టుకి కావలసిన బలం ఈ దారిలో వస్తోందని కళ్లారా చూస్తున్నాను. మాటలూ ఇక్కడే వచ్చాయి. నిండింది, ఒలికింది, ఇంకింది, ఆరింది. ఎండలో వేసిన గుడ్డనీ, నీడలో వేసిన గుడ్డనీ తడిమి చూసి "ఇది తలి, ఇది ఆలింది" అని నాకు వచ్చి చెప్పిన రోజు నేను పొంగిపోయాను.

మొదట్లో అందరికీ ఒక మాట చెబుతూ వచ్చాను: ఈ పళ్లెం ముందు పెడితే అరగంట పాప కదలదు, మన పని మనం చేసుకోవచ్చు అని. ఆ మాటని ఇప్పుడు కొంచెం సరిచేసి చెప్పాలి. పాప కదలకపోవడం నిజమే, వేసవిలో. మన పని చేసుకోవడం మాత్రం కుదరదు. గాజు, నీళ్లు ఉన్నచోట పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. అలాగని బకెట్టు మాత్రం ఎప్పుడూ పెట్టకండి, ఈ వయసు పిల్లలకి కొద్దిపాటి నీళ్లు కూడా ప్రమాదమే. నీళ్లకి బదులు కందిపప్పో శనగలో పెట్టమంటారు కొందరు. మూడేళ్లు నిండేదాకా అవి ముక్కులోకో గొంతులోకో పోతాయన్న టెన్షన్ నాకొద్దు.

టైల్స్ మీద ఆడించడం కూడా మానేశాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, తడి నేల మీద జారితే కష్టం. గిన్నెలు తోముకునే చోటికి మార్చాం. చలికాలంలో జలుబు పేరు చెప్పి పళ్లెం పూర్తిగా పైకెక్కింది. ఇప్పుడు మళ్లీ దింపినా, వంపడం మీద దానికి పాత మోజు లేదు. తుడవడం మాత్రం ఆట నుంచి అలవాటైపోయింది. మజ్జిగ ఒలికితే మా మొహాలు చూడదు, గుడ్డ కోసం చూస్తుంది.

దీనివల్ల రానివి కూడా చెప్పాలి. పక్కింటి బాబు ఏబీసీడీలు గడగడా చెబుతాడు, మా పాప చెప్పదు. చుట్టాలు అడిగినప్పుడు మా ఆయనకి కొంచెం గుబులుగా ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం, చదువులో మొదటి మెట్టైన పునాది దశని మూడేళ్ల వయసు నుంచి లెక్కపెట్టింది. అంతకన్నా చిన్నపిల్లల కోసం కేంద్రం 2024లో 'నవచేతన' అనే మార్గదర్శిని తెచ్చింది, దాన్లో 36 నెలల క్యాలెండర్ ఉంది. అందులో వయసుకి తగ్గట్టు 140 పనులున్నాయి. అక్షరాలు ఆలస్యమయ్యాయన్న బెంగ ఉన్నవాళ్లు అది ఒకసారి తిరగేస్తే మంచిది. నేనూ మా ఆయనకి అదే చూపించాను.

నాకు మధ్యాహ్నాలు ఖాళీ, ఇంట్లో అత్తయ్య ఉన్నారు, ఒక్కతే పిల్ల, నీళ్లు పారినా ఫరవాలేని పెరడు ఉంది. ఇవన్నీ కలిసొచ్చాయి. ఇద్దరూ ఆఫీసుకెళ్లే ఇంట్లోనో, వేసవిలో ట్యాంకర్ మీద ఆధారపడే ఫ్లాటులోనో ఇదే పళ్లెం తలనొప్పి కావచ్చు. అలాంటివాళ్లు గిన్నె, గ్లాసు వదిలేసి గుడ్డ ఒక్కటే ఇవ్వండి, ఆదివారం భోజనాలయ్యాక బల్ల తుడవడానికి. గుడ్డ మాత్రం బాగా వాడిన నూలుదై ఉండాలి. కొత్త టవల్ నీళ్లు పీల్చదు, దళసరి మైక్రోఫైబర్ గుడ్డ పిల్లల చేతులకి పిండుడు పడదు. మా మామయ్య పాత పంచె చింపి నాలుగు ముక్కలు చేసుకున్నాం, ఇంకా రెండు వాడకుండానే ఉన్నాయి.