రోజుకో ఇంగ్లీషు మాట: నన్ను నిలబెట్టింది స్పీకర్ గుర్తు

రోజుకో ఇంగ్లీషు మాట పంపే యాప్ ఎలా ఉంటుందో వివరించి ఎవరి సమయమూ వృథా చేయను. పొద్దున్నే ఒక మాట వస్తుంది, కింద అర్థం, ఒక వాక్యం ఉంటాయి. కొన్నేళ్లుగా వాడుతున్నాను. నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాట పక్కనుండే చిన్న స్పీకర్ గుర్తు గురించి. మిగతా యాప్ మొత్తం తీసేసి అది ఒక్కటీ మిగిల్చినా నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ముందు నా పని సంగతి చెప్పాలి. కడప జిల్లా గండికోటకు వచ్చేవాళ్లకు కోట చూపిస్తాను. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, చివరికి ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే పెన్న లోయ. బెంగళూరు, హైదరాబాదు వాళ్లతో ఏదో ఒక భాష కుదురుతుంది. చలికాలంలో వచ్చే విదేశీయులతో మాత్రం ఇంగ్లీషు తప్ప వేరే దారి లేదు. తెలుగు మీడియంలో చదువుకున్నా నాకు మాటలకు కొదవ లేదు, వ్యాకరణమూ ఫర్వాలేదు. అయినా నాలుగు వాక్యాలు చెప్పేసరికి అవతలివాళ్లు మొహం ముందుకు పెట్టి మళ్లీ చెప్పమనేవారు. వాళ్ల యాసే వేరు కదా, మన మాట ఎక్కడ అర్థమవుతుందిలే అని మేమందరం సరిపెట్టుకునేవాళ్లం.

మే నెలలో మాకు పని ఉండదు. ఆ ఎండకు కోటలో కాలు పెట్టేవాడే కనపడడు. అలాంటి ఒక మధ్యాహ్నం ఇంట్లో ఫోను చూస్తుంటే ఆ రోజు మాటగా నోరు తిరగనిదేదో వచ్చింది. దాన్ని వదిలేసి, నేను రోజూ వాడే మాటల్నే ఒక్కొక్కటిగా వెతికి స్పీకర్ నొక్కడం మొదలుపెట్టాను. అదే మలుపు.

హోటల్ అనేటప్పుడు మనం 'హో' మీద బరువు వేస్తాం. ఆ గొంతు 'టెల్' మీద వేసింది. పోలీస్‌లో బరువు 'లీస్' మీద, డెవలప్‌లో 'వె' మీద. వెజిటబుల్‌ను నాలుగు ముక్కలుగా పలికేవాణ్ణి. వింటే మూడే ఉన్నాయి, వెజ్-ట-బుల్. కంఫర్టబుల్ కూడా కంఫ్-ట-బుల్ అయిపోయింది. ఇక రిజర్వాయర్! పెన్న నీళ్లు మైలవరం జలాశయంలోకి పోతాయని వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాను. ఆ మాటలో 'వా'ను నిండుగా సాగదీయడం నా అలవాటు. ఫోనులోని బ్రిటిష్ గొంతు మొదటి అక్షరాన్ని గట్టిగా పట్టుకుని, మిగతాదాన్ని జారవిడిచి, 'రెజవ్వా' అన్నంత తేలికగా పలికింది. నమ్మలేక మళ్లీ మళ్లీ నొక్కుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది.

తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి దక్కుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. పద్యం చదివినా బేరమాడినా ఆ లెక్క పెద్దగా చెదరదు. ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం పెత్తందారు. ఊనిక, అంటే పలికేటప్పటి బరువు, దాని మీద పడుతుంది, మిగతా అక్షరాల్లో అచ్చులు పలచబడి సగం 'అ'లా మిగులుతాయి. నిఘంటువుల్లో ఆ ఊనిక అక్షరానికి ముందు, కాస్త పైన, చిన్న నిలువు గీత ఉంటుంది. బడిలో ఆ గీత సంగతి ఎవరూ ఎత్తలేదు. దాని విలువ తెలియాలంటే రికార్డ్ అనే మాట చాలు. నామవాచకమైతే ఊనిక ముందు, క్రియ అయితే వెనక. స్పెల్లింగు అదే.

ఆ చలికాలం ఒక ముసలి జంట వచ్చింది. లోయ అంచున నిలబడి ఎప్పుడూ చెప్పేదే చెప్పాను: 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకు వచ్చాడని. తర్వాత నది, జలాశయం. ఆమె మళ్లీ చెప్పమనలేదు. నేరుగా తర్వాతి ప్రశ్నలోకి వెళ్లింది: వర్తకుడు ఏ దారిన వచ్చాడు, అప్పుడు కోటలోకి నీళ్లు ఎలా తెచ్చేవారు, ధాన్యాగారంలో గాలి ఎలా ఆడుతుంది? ఆయన ఇంకో రెండు అందించాడు. చివరికి నా దగ్గర సమాధానాలు అయిపోయాయి. అంతకుముందు ప్రశ్నలు అంత దూరం వచ్చేవే కావు! ఆ రాత్రి ఇంటికెళ్లి కోట చరిత్ర మళ్లీ చదవాల్సి వచ్చింది.

అయితే రోజుకో మాట వల్ల మాటల మూట పెరుగుతుందని మొదట్లో తోటి గైడ్లకు చెబుతూ ఉండేవాణ్ణి. ఆ పొగడ్తను ఇప్పుడు కాస్త తగ్గించుకుంటున్నాను. వచ్చే మాటల్లో ఎక్కువ భాగం నా నోటికి పని చెప్పవు. ఒకసారి ప్రెసిపిస్ వచ్చింది. నిట్టనిలువు కొండ అంచు అని అర్థం, మా లోయ కోసమే పుట్టినట్టుంది. కంచె లేని చోట సెల్ఫీ తీసుకుంటున్న కుర్రాణ్ణి ఊనిక తప్పకుండా ఆ మాటతో హెచ్చరించాను. బాగుందన్నట్టు నవ్వి అక్కడే నిలబడ్డాడు. 'ఎడ్జ్' అని అరిచాక వెనక్కి వచ్చాడు. మాతో పనిచేసే పెద్దాయనకు కమ్, సీ, కేర్‌ఫుల్, ఫొటో తప్ప ఇంగ్లీషు రాదు. బక్షీసు నాకంటే ఆయనకే ఎక్కువ వస్తుంది. దీనికి నా దగ్గర వివరణ లేదు.

నా స్పీకర్ గుర్తుకూ మచ్చ పడింది. ఆ మధ్య యాప్ కొత్త రూపం తెచ్చుకున్నాక కొన్ని మాటలకు మనిషి గొంతు పోయి యంత్రం గొంతు వచ్చింది. ఊనిక సరిగానే ఉంటుంది గానీ మాట చివర విరిచినట్టు ఆగిపోతుంది. నొక్కిన ప్రతిసారీ ముందు ప్రకటన ఒకటి. పైగా నెట్ ఉంటేనే పలుకుతుంది. కోట లోపల కొన్ని మూలల్లో సిగ్నల్ అందదు, అంటే అవసరమైన చోటే మూగ. మాటల్ని ఫోనులో దాచుకుని వినాలంటే చందా కట్టాలట. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి నిఘంటువుల వెబ్‌సైట్లలో బ్రిటిష్, అమెరికన్ గొంతులు రెండూ ఉచితంగా వినవచ్చు. రోజుకో మాట కావాలంటే అను గర్గ్ 1994లో మొదలుపెట్టిన 'ఎ వర్డ్ ఎ డే' ఈమెయిల్ ఉంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా వస్తుంది, డబ్బు అడగదు. మెరియమ్-వెబ్‌స్టర్ వాళ్లయితే రోజూ చిన్న పాడ్‌కాస్ట్‌గా వినిపిస్తారు.

మా అమ్మాయి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఈ యాప్‌ను వారం చూసి తీసేసింది. కంప్యూటర్ తెర మీద జవాబు గుర్తు పెట్టే పరీక్షకు గొంతు ఎందుకని తన వాదన. తన అవసరానికి అది సరైనదే. రోజూ కొత్త మొహాల ముందు నోరు విప్పి బతికేవాళ్లకు, అందులోనూ ఇంగ్లీషును పుస్తకంలోంచి నేర్చుకున్నవాళ్లకు, దీన్ని ధైర్యంగా చెబుతాను. చందా మాత్రం ఇంకా కట్టలేదు. ఈ చలికాలం జనం ఎలా వస్తారో చూసి అప్పుడు ఆలోచిస్తాను.