ఏడేళ్ల కేలరీల లెక్క: కాటా, నూనె సీసా, ఒక నోటు పుస్తకం

2018 జూన్‌లో నేను రోజువారీ కేలరీల లెక్క మొదలుపెట్టినప్పుడు నా బరువు 81 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, వయసు 44. పద్నాలుగు నెలల్లో 66 కిలోలకు దిగాను. మధ్యలో ఒకసారి గట్టిగానే జారినా, ఈ 2025లో కూడా 66కూ 68కీ మధ్యనే ఉన్నాను. దీని గురించి నాకు కనబడిన అనుభవాలన్నీ మూడు నెలలో ఆరు నెలలో చేసినవారివి, అప్పటికి అసలు పని ఇంకా మొదలే కాదు. బరువు తగ్గడానికి ఈ లెక్క బాగానే పనికొస్తుంది కానీ, దాని విలువ తెలిసేది తగ్గిన తరువాతి సంవత్సరాల్లోనే అన్నది నా అనుభవం.

మాది రాజమహేంద్రవరం. బడిలో లెక్కలు చెబుతాను కాబట్టి అంకెలంటే బెరుకు లేదు. ఇంట్లో అత్తయ్యగారితో కలిపి పెద్దవాళ్లం ముగ్గురం, అమ్మాయి ఒకతె, వంట నా చేతిలోనే ఉంటుంది. ఈ చివరి సంగతి ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే మెస్సులోనో ఆఫీసు క్యాంటీన్లోనో రెండు పూటలా తినేవారికి నేను చెప్పబోయే వాటిలో సగం కుదరవు.

మొదటి వారం ఏమీ తగ్గించకుండా, రోజూ తినేదాన్నే తూచి రాశాను. ఏడేళ్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఆ వారమే. మధ్యాహ్నం కంచంలో పెట్టుకున్న అన్నం 380 గ్రాములు తూగింది. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీల చొప్పున అదొక్కటే 500కి దగ్గర, రాత్రికి మళ్లీ అంతే. అయినా అన్నం కంటికి కనిపించేదే. కనిపించనిది నూనె. అప్పట్లో మా ఇంటికి నెలకు ఐదు లీటర్లు పట్టేది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, గ్రాముకు 9 కేలరీలు. నలుగురికీ, ముప్పై రోజులకూ పంచి చూస్తే తలకు రోజుకు 38 గ్రాములు, అంటే దాదాపు 340 కేలరీలు వచ్చింది. వచ్చిన చుట్టాలందరికీ మా వంటల్లో నూనె తక్కువని నేను చెప్పుకుంటున్న రోజులవి.

పోపు పెట్టే ముందు నూనె సీసాను కాటా మీద పెట్టి, వంపిన తరువాత మళ్లీ పెడితే ఎంత వేశామో తెలిసిపోతుంది. ఒక గరిటెడు అనుకుని నేను వేసింది మొదటి రోజు 31 గ్రాములు. చిన్న చెంచాతో కొలవడం అలవాటు చేసుకున్న మూడు నెలలకు ఇంటి వాడకం మూడు లీటర్లకు దిగింది, తలకు రోజుకు 205 కేలరీలకు. ఆ తేడా ఇంట్లో ఎవరికీ తెలియలేదు, వంకాయ వేపుడు చేసిన రోజున మాత్రం మా వారు కంచంలోకి కాసేపు చూసి ఊరుకున్నారు.

కూరలూ పప్పులూ లెక్కించడానికి ఒక ఉపాయం దొరికింది. ఇంట్లోని గిన్నెలన్నిటినీ ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి తూచి, ఆ బరువును వాటి అడుగున చెరగని ఇంకుతో రాసి పెట్టాను. పెళ్లిలో వచ్చిన స్టీలు గిన్నెల మీద ఇచ్చినవారి పేర్లు చెక్కి ఉంటాయి కదా, ఇప్పుడు మా పిన్నిగారి పేరున్న గిన్నెకు అడుగున 412 అనీ, మేనత్తగారి గిన్నెకు 655 అనీ అంకెలు కూడా ఉన్నాయి. టమాటా పప్పు చేస్తే 150 గ్రాముల కందిపప్పుకు సుమారు 500, పోపులో 15 గ్రాముల నూనెకు 135, టమాటాలకు 30, మొత్తం 665. దించిన తరువాత గిన్నె బరువు తీసేస్తే పప్పు 900 గ్రాములు ఉంటుంది. అందులో నేను వేసుకున్నది 180 గ్రాములైతే 133 కేలరీలు. రాయడానికి పొడుగ్గా కనిపిస్తుంది గానీ, మూడో వారానికి ఇది పోపు వేగేంత సేపటి పని అయిపోయింది. వంటింట్లో కాటా పెట్టిన కొత్తలో అత్తయ్యగారు, "తినే అన్నాన్ని తూచకూడదమ్మా, దిష్టి తగులుతుంది" అన్నారు. కంచం తూచడం మానేసి, గిన్నెను వడ్డించుకోకముందూ వడ్డించుకున్నాకా తూస్తే అదే లెక్క వస్తుందని నాకు తట్టింది, ఆవిడ అభ్యంతరమూ తీరిపోయింది.

ఏ పదార్థంలో ఎంత ఉందన్నదానికి నేను నమ్ముకున్నది హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలను. మొదటిసారి తెరిచినప్పుడు తెల్ల బియ్యం ఎదురుగా 1,490 ప్రాంతంలో అంకె చూసి నిర్ఘాంతపోయాను. తరువాత అర్థమైంది, అక్కడ శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. 4.184తో భాగిస్తే 100 గ్రాముల బియ్యానికి 356 కేలరీలు.

పట్టికల కన్నా ముందు, అందరిలాగే నేనూ ఒక ఫోన్ యాప్‌తో మొదలుపెట్టాను. అందులో ఎవరికి తోచినవి వారు చేర్చుకుంటూ పోయినందువల్ల ఒక్క పెసరట్టుకే 90 నుంచి 300 దాకా రకరకాల అంకెలు ఉండేవి, మనిషి స్వభావం కొద్దీ నా వేలు ఎప్పుడూ చిన్న అంకె మీదికే వెళ్లేది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, తక్కువే తింటున్నా తగ్గడం లేదని చెప్పినవారు నిజంగా తిన్నదానికన్నా సగటున 47 శాతం తక్కువ రాసుకున్నట్టు తేలింది. అబద్ధాలాడేవారేమీ కారు వాళ్లు. కూర కలుపుతూ రుచి చూసినది, అమ్మాయి కంచంలో వదిలేసిన పూరీ ముక్క, సాయంత్రం గుప్పెడు వేరుశనగపప్పు నా పుస్తకంలోకి కూడా ఎక్కేవి కావు. ఆ గుప్పెడు 30 గ్రాములు తూగుతుంది, 160 కేలరీలు.

యాప్‌తో రెండో ఇబ్బంది నడక. గోదావరి గట్టు మీద ముప్పావు గంట నడిస్తే చేతి బ్యాండు 380 కేలరీలు ఖర్చయ్యాయని చెప్పేది, యాప్ వెంటనే ఆ మేరకు నా కోటా పెంచేది, నేను భక్తిగా తినేసేదాన్ని. రెండు నెలలు బరువు అంగుళం కదలలేదు. నడక మానలేదు గానీ దాన్ని లెక్కలోంచి తీసేశాను. ఫోన్ మార్చినప్పుడు ఎనిమిది నెలలుగా నేను చేర్చుకున్న వంటకాలన్నీ ఆ యాప్‌లోంచి మాయమయ్యాయి. ఆ రోజునుంచి రూళ్ల నోటు పుస్తకంలోనే రాస్తున్నాను. ఇప్పుడు నడుస్తున్నది పదకొండోది.

తగ్గడం ఎలా సాగిందో త్వరగా చెబుతాను. బరువు, ఎత్తు, వయసుల నుంచి శరీర అవసరాన్ని అంచనా వేసే మిఫ్లిన్ సూత్రం 1990 నుంచి వాడుకలో ఉంది. దాని ప్రకారం, కొద్దిపాటి తిరుగుడు కూడా కలుపుకుంటే నాకు రోజుకు 1,950 కేలరీలు కావాలి. నేను 1,500 పెట్టుకున్నాను. కిలో కొవ్వుకు 7,700 కేలరీలన్న మోటు లెక్కలో 15 కిలోలు ఎనిమిదిన్నర నెలల్లో పోవాలి, నాకు పట్టింది పద్నాలుగు. ఒళ్లు తగ్గుతున్నకొద్దీ దాని అవసరమూ తగ్గుతుంది, ఆపైన పండుగలూ పెళ్లిళ్లూ ఉన్నాయి. రోజూ పొద్దున్నే బరువు చూసుకునేదాన్ని, అయితే వారం సగటునే లెక్కలోకి తీసుకునేదాన్ని. ఆవకాయతో అన్నం తిన్న మర్నాడు 900 గ్రాములు పెరిగి కనిపించిన సందర్భాలున్నాయి. అది ఉప్పు పట్టి ఉంచిన నీరే. ఒక్క రాత్రిలో కిలో కొవ్వు చేరాలంటే మామూలు తిండికి పైన 7,700 కేలరీలు తినాలి, అంత ఆవకాయ మా జాడీలో లేదు.

నేను చేసిన పెద్ద తప్పు 2019 ఆరంభంలో జరిగింది. వేగం చాలలేదనిపించి 1,100కి దించి రెండు నెలలు నడిపాను. బరువు తగ్గింది, కానీ వేసవి వచ్చేసరికి దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. తిండి ఒక్కసారిగా తగ్గించినవారికి రెండు మూడు నెలల తరువాత ఇలా ఊడటం మామూలేననీ, మాంసకృత్తులు బొత్తిగా చాలడం లేదనీ డాక్టరుగారు చెప్పారు. నా పుస్తకంలో కేలరీలే ఉన్నాయి గానీ మాంసకృత్తుల గడి లేదు. మళ్లీ 1,500కి వచ్చి, రోజూ రెండు గుడ్లూ ఒక గిన్నెడు పెరుగూ తప్పనిసరి చేసుకున్నాక, సంవత్సరాంతానికి జుట్టు కుదుటపడింది. ఆ గడి అప్పటినుంచీ ఉంది.

2019 ఆగస్టులో 66కి చేరాను. ఎత్తుకు తగ్గ బరువేనా అని చూసే బీఎంఐ లెక్కలో అది ఇంకా 26 పైనే, మన దేశంలో వాడే కొలమానంలో 25 దాటితే ఊబకాయమే. ఇంకా దిగాలని నాలుగు నెలలు ప్రయత్నించి, ఆ ఆకలితో పిల్లల మీద కసురుకుంటున్నానని గమనించి మానేశాను. నా మోకాళ్లకూ మెట్లకూ మధ్య ఈ బరువు దగ్గర రాజీ కుదిరింది.

అప్పుడు మొదలైంది అసలు భాగం. అదే సూత్రంలో 66 కిలోలు వేసి చూస్తే అవసరం 1,735. అంటే పాత నేను ఏమీ పెరగకుండా తిన్న తిండిలో 215 కేలరీలు కొత్త నాకు ఎక్కువ. అదంతా కలిపి 24 గ్రాముల నూనె. పైగా ఇది సూత్రం చెప్పే మాట. నా నోటు పుస్తకాలు నాకు బరువు నిలిచేది 1,600 దగ్గరేనని చెబుతున్నాయి. ఆకలికి గానీ కంటికి గానీ ఇంత చిన్న తేడా ఆనదు, కాటాకు ఆనుతుంది. తగ్గేటప్పుడు రోజుకు 450 లోటు ఉండటంతో అంచనా వంద అటూ ఇటూ అయినా చెల్లిపోయింది, నిలుపుకునేటప్పుడు ఆ వంద మిగలదు.

ఈ సంగతి నాకు 2022లో అనుభవంలోకి వచ్చింది. నాన్నగారు పోయిన తరువాత పుస్తకం తెరవబుద్ధి కాలేదు. నాలుగేళ్ల అలవాటు ఉంది, చూస్తే చెప్పగలను అనుకున్నాను. ఐదు నెలలకు నాలుగున్నర కిలోలు పెరిగాను. మళ్లీ కాటా దించి మొదటి పూట తూస్తే, 180 గ్రాములని కంటితో వేసుకుంటున్న అన్నం 260 ఉంది. విపరీతంగా తిన్న రోజు ఒక్కటి కూడా లేదు. ఆ నాలుగున్నర దించడానికి ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడు అన్నీ తూచను. అన్నం, నూనె, పప్పులు, కొబ్బరి, వేరుశనగ మాత్రమే తూస్తాను. ఆకుకూరలూ సొరకాయా బీరకాయా ఎంత తిన్నా రాయను. పెళ్లిభోజనాల్లో కాగితం తీయను, ఆ రోజు గడిలో ఒక అడ్డగీత గీసి వదిలేస్తాను. సంక్రాంతికి మాత్రం నిజం తెలుసుకుని తింటాను. కిలో పిండి, 700 గ్రాముల బెల్లం, మూకుడులో తగ్గిన 300 గ్రాముల నూనె కూడి నలభై అరిసెలకు పంచితే ఒక్కోటి 220 దాకా వస్తుంది. రోజుకు ఒకటి, హాయిగా తింటాను.

ఈ పద్ధతి అడిగే మూల్యం కూడా ఉంది. ఎవరింటికైనా వెళితే కబుర్ల మధ్య కూడా మనసులో కూడికలు నడుస్తూనే ఉంటాయి, ఏడేళ్లయినా అవి ఆగలేదు. అంతకన్నా నన్ను కలవరపెట్టింది మా అమ్మాయి. తనకు పదిహేనేళ్లప్పుడు ఒక రాత్రి చపాతీ తుంచుతూ, "అమ్మా, ఇది ఎంత?" అని అడిగింది. రూపాయల గురించి కాదని అర్థమవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ రాత్రి నుంచి భోజనాల దగ్గర అంకెలు పైకి అనడం మానేశాను, పుస్తకం వంటింటి అలమారలోకి మారింది. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, తిండి విషయంలో ఇదివరకే మనోవేదన పడినవారికి నేను దీన్ని చెప్పను. షుగరుకు మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. మిగిలినవారిలో, బరువు తగ్గిన తరువాత కూడా పుస్తకం మూయకుండా ఉండగలమనుకునేవారే మొదలుపెట్టడం మంచిది.

ఖర్చంటారా, నాలుగువందల రూపాయల కాటా, ఏడాదికి రెండు నోటు పుస్తకాల లోపు. కాటాలు రెండేళ్లకు ఒకటి పాడవుతాయి, పాడయ్యే ముందు చెప్పకుండా తప్పు చూపిస్తాయి. దానికి నా పరీక్ష ఒకటుంది. పదిరూపాయల నాణెం బరువు 7.71 గ్రాములు. దుకాణాల వాళ్లు తీసుకోరని ఇంట్లో పేరుకుపోయిన వాటిలోంచి పది తీసి ప్రతి నెలా ఒకటో తారీఖున కాటా మీద పెడతాను. 77 చూపిస్తే సరే, 75 చూపిస్తే ముందు సెల్లు మారుస్తాను, అయినా మారకపోతే కొత్త కాటా తెచ్చుకుంటాను.