ఉచిత టికెట్టా, ఇంకో ట్రిప్పా, ముందు లెక్కా? అనంతపురం పల్లెలకు ఏది మేలు?

ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేకుండా చేసిన స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైనప్పటి నుంచి అనంతపురం జిల్లాలో బస్సు మాట ఎత్తితే చాలు, జనం రెండుగా చీలిపోతున్నారు. ఆడవాళ్ళకు ఇన్నాళ్ళకు ఒక మంచి జరిగిందని కొందరు, సర్కారు సొమ్ము ఊరికే తగలేస్తున్నారని కొందరు. ఇద్దరూ మాట్లాడేది టికెట్ గురించే. బస్సు ఏ వేళకు వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, అసలు వస్తుందా రాదా అన్నది ఈ గొడవలో ఎవరికీ గుర్తుకు రాదు.

నిజానికి ప్రభుత్వం ముందు మూడు దారులున్నాయి. ఆడవాళ్ళకు టికెట్ తీసేయడం ఒకటి. టికెట్ సంగతి అలా ఉంచి ఊళ్ళకు ఇంకో ట్రిప్పు వేయడం, ఉన్న ట్రిప్పు వేళ మార్చడం రెండోది. ఈ రెండిటికీ ముందే ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు, చేతిలో ఏం పట్టుకుని పోతున్నారో లెక్క తీసి, ఆ లెక్కను బట్టి రూట్లు వేయడం మూడోది. ఈ మూడోదాన్ని ఆఫీసుల్లో జెండర్, వైవిధ్య విశ్లేషణ అంటారు. పేరు చూసి భయపడాల్సిన పని లేదు.

మొదట టికెట్. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే ఐదు రకాల బస్సుల్లో రాష్ట్రానికి చెందిన ఆడవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. ఇది చిన్న విషయం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. పుట్టింటికి పోవాలన్నా, పంటి నొప్పికి డాక్టర్ దగ్గరికి పోవాలన్నా ఛార్జీల కోసం మొగుడి దగ్గరో కొడుకు దగ్గరో చేయి చాచాల్సిన ఇళ్ళు మన దగ్గర తక్కువేం కాదు. ఆ అడగడం తప్పింది. తమిళనాడులో 2021 మే నుంచి టౌన్ బస్సుల్లో ఇదే పద్ధతి నడుస్తోంది. అక్కడి రాష్ట్ర ప్రణాళికా సంఘం చేయించిన అధ్యయనంలో ఒక్కో మహిళకు సగటున నెలకు 888 రూపాయలు మిగులుతున్నట్టు తేలింది. కూలి ఇంట్లో ఆ డబ్బు గ్యాసుకో, బియ్యానికో, పిల్లల నోటుబుక్కులకో అక్కరకొస్తుంది.

టికెట్‌తో ఇంకో సుఖం, అది వెంటనే అందుతుంది. జీవో వచ్చిన మర్నాడే పనిచేస్తుంది. ఇంకో బస్సు కొని, డ్రైవర్‌ను వేసుకుని, రూటు కలిపేసరికి రెండేళ్ళు గడిచిపోతాయి.

అయితే టికెట్ పనిచేసేది బస్సున్న చోటే. సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య కళ్యాణదుర్గం రోడ్డు మీద ఏదో ఒక క్రాస్ దగ్గర నిలబడి చూడండి. శనక్కాయ చేలల్లో కలుపుకు పోయినవాళ్ళు, చీనీ తోటల్లో పనికి పోయినవాళ్ళు టిఫిన్ క్యారియర్లు, కొడవళ్ళు పట్టుకుని వస్తారు. ఒకరి నెత్తి మీద గడ్డిమోపు కూడా ఉంటుంది. వచ్చే బస్సు నిండుగా ఉంటే క్రాస్ దాటి అల్లంత దూరాన ఆగుతుంది. అక్కడిదాకా పరిగెత్తగలిగినవాళ్ళు ఎక్కుతారు. చంకలో పిల్లోడున్న తల్లి, మోకాళ్ళ నొప్పుల అవ్వ వెనకబడిపోతారు. అక్కడ ఒక అవ్వ అన్న మాట: "ఊరికే పోవచ్చంటారు సరే నాయనా, పోయేదానికి బస్సేదీ?"

అందుకే ఆటో. కూలీల ఆటో కథ బస్సు కథకు పూర్తిగా వేరు. తెల్లవారకముందే కాలనీ ఇంటి ముందుకొస్తుంది, చేను గట్టు దాకా దింపుతుంది, పని అయ్యేదాకా ఆగి మళ్ళీ ఎక్కించుకుంటుంది. దాని బాడుగ రైతు ఇస్తాడు, లేదా కూలిలో కోసుకుంటారు. బస్సు టికెట్ సున్నా అయినా ఈ పోటీలో ఆటోదే గెలుపు, ఎందుకంటే బస్సు చేను దగ్గరికి రాదు. 2024 నవంబర్‌లో గార్లదిన్నె మండలం తలగాసిపల్లె దగ్గర కూలీల ఆటో, ఆర్టీసీ బస్సు ఢీకొని పుట్లూరు మండలం ఎల్లుట్ల కూలీలు పలువురు చనిపోయారు. ఒక ఆటోలో అంతమంది ఎందుకెక్కారని అప్పుడందరూ అడిగారు. ఎక్కకుండా పనికెట్లా పోవాలో ఎవరూ చెప్పలేదు.

ఇక రెండో దారి, ఇంకో ట్రిప్పు. జనం అడిగేది ఇదే, డిపోలు ఇవ్వడానికి వెనకాడేదీ ఇదే. ఎందుకు వెనకాడతాయో అర్థం కావాలంటే డిపో లెక్క తెలియాలి. ఒక సర్వీసు ఉంచాలా తీసేయాలా అన్నది రెండు అంకెలు తేలుస్తాయి: కిలోమీటరుకు ఎంత రాబడి, సీట్లలో ఎన్ని నిండాయి. చూడ్డానికి ఇందులో ఆడా మగా తేడా ఏమీ లేదు. అసలు పక్షపాతం అక్కడే ఉంది.

ఇంట్లో ఒక బైకు ఉంటే దాన్ని మగవాడు పట్టుకుపోతాడు. ఇరవై ఏళ్ళుగా పల్లెల్లో బైకులు పెరిగేకొద్దీ బస్సులో మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చదువుకునే పిల్లలు. ఆడవాళ్ళ ప్రయాణం ఎలా ఉంటుంది? దూరం తక్కువ, మజిలీలు ఎక్కువ. పొద్దున మండలం ఊరికి పోయి బ్యాంకులో సంఘం కిస్తీ కట్టి, అక్కడి నుంచి పీహెచ్‌సీకి పోయి, వచ్చేటప్పుడు కూరగాయలు కొనుక్కుని, బడి వదిలేసరికి ఇంటికి చేరాలి. రెండు మూడు స్టేజీల చొప్పున నాలుగు ముక్కల ప్రయాణం. అదీ పదకొండుకో, రెండుకో, బస్సు ఖాళీగా తిరిగే వేళల్లో. ఇలాంటి ప్రయాణికులున్న రూటు కిలోమీటరు రాబడి లెక్కలో ఎప్పుడూ నష్టాల రూటే. నష్టం కాబట్టి మధ్యాహ్నం ట్రిప్పు తీసేస్తారు. తీసేశాక ఆ వేళకు జనం రారు. జనం రావడం లేదు కాబట్టి తీసేయడం సరైనదేనని తేలుతుంది!

ఇక్కడే మొదటి దారి రెండోదానికి ఆసరా అవుతుంది, ఈ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సున్నా టికెట్ ప్రయాణికురాలికి సున్నా, ఆర్టీసీకి కాదు. ఆ టికెట్ విలువ ప్రభుత్వం సంస్థకు తిరిగి ఇవ్వాలి. పథకానికి ఏడాదికి 1,900 కోట్ల రూపాయలకు పైగా అవుతుందని అంచనా వేసింది ఇందుకే. అంటే నిన్నటిదాకా నష్టం అనిపించుకున్న మధ్యాహ్నం ట్రిప్పు ఈరోజు కాగితం మీద రాబడి చూపించాలి. ప్రభుత్వం ఆ సొమ్ము సకాలంలో ఇచ్చి, డిపోలు దాన్ని రూటు రాబడిగా లెక్కిస్తే, కొత్త ట్రిప్పు కావాలనే వాదనకు మొదటిసారి అంకెల బలం దొరుకుతుంది. ఇవ్వకుండా బకాయి పెడితే మాత్రం ఉన్న ట్రిప్పు కూడా పోతుంది, అప్పుడు ఉచితం అన్న మాటకే అర్థం ఉండదు.

రెండో దారి అంటే కొత్త బస్సులే కానక్కర్లేదు. పైసా ఖర్చు లేని మార్పులు చాలా ఉన్నాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు, 2016 నుంచి దేశమంతా నడుస్తున్న కార్యక్రమం ఇది. తేదీ ముందే తెలుసు, ఊళ్ళు తెలుసు, ఎంతమంది వస్తారో ఆశా కార్యకర్తలకు పేరుపేరునా తెలుసు. ఆ ఒక్కరోజు బస్సు వేళ కొంచెం జరిపితే, ఏడో నెల కడుపుతో ఆటో వెనక సీట్లో గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడే అవస్థ తప్పుతుంది. ఆసుపత్రి ఒక శాఖ, బస్సు ఇంకో శాఖ కాబట్టి ఈ రెండు క్యాలెండర్లు కలవవు.

ఆడవాళ్ళకు ప్రత్యేక బస్సులు వేయాలన్న సలహా కూడా వినిపిస్తుంటుంది. టౌనులో కాలేజీలు వదిలే వేళకు బాగానే ఉంటుంది. రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే ఊళ్ళో ఒకటి ఆడవాళ్ళకని తీసిపెడితే భార్యాభర్తలు కలిసి ఆసుపత్రికి పోలేరు. దాని మీద ఇంతకన్నా చెప్పడానికేం లేదు. మెట్ల సంగతి వేరు. లారీ ఛాసిస్ మీద కట్టిన బస్సు మొదటి మెట్టు ఎక్కాలంటే చీర కట్టిన ముసలావిడకు రెండు చేతుల సాయం కావాలి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకైతే ఆ బస్సు లేనట్టే లెక్క. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, పల్లె బస్సు మెట్టు మాత్రం కిందికి దిగలేదు.

మూడో దారికొస్తే, దీన్ని గట్టిగా పట్టుకున్న దేశాల్లో కెనడా ఒకటి. 1995 నుంచి అక్కడ ప్రభుత్వ విధానాలు ఆడవాళ్ళ మీద, మగవాళ్ళ మీద వేర్వేరుగా ఎలా పనిచేస్తాయో చూడాలని నియమం పెట్టుకున్నారు. తర్వాత వయసు, వైకల్యం, జాతి, ఉండే ప్రాంతం లాంటివీ చేర్చారు. వినడానికి బాగుంది. 2022లో అక్కడి ఆడిటర్ జనరల్ దీన్ని తనిఖీ చేసి, పాత లోపాలు అలాగే ఉన్నాయని, ఈ విశ్లేషణ వల్ల జనానికి ఒరిగిందేమిటో ప్రభుత్వానికే సరిగా తెలియడం లేదని తేల్చారు. కాగితం నిండుతుంది, రోడ్డు మారదు. మన దగ్గరా ఆ బెడద ఉంది. కేంద్ర బడ్జెట్‌లో 2005-06 నుంచి జెండర్ బడ్జెట్ పట్టిక వస్తోంది. ఆడవాళ్ళ పేరు మీద ఎంత డబ్బు కేటాయించారో అందులో దొరుకుతుంది, సాయంత్రం ఆరింటికి క్రాస్‌లో బస్సు ఆగిందా అన్నది దొరకదు.

స్వీడన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కార్ల్స్‌కోగ అనే ఊళ్ళో మంచు తీసే పని ముందు పెద్ద రోడ్లతో మొదలుపెట్టేవారు. కారు నడిపేది ఎక్కువగా మగవాళ్ళు, నడిచి పోయేది, పిల్లల బండి తోసుకుపోయేది ఎక్కువగా ఆడవాళ్ళు అని గమనించి, కాలిబాటలు, బడి దారులు ముందు శుభ్రం చేసేలా వరస మార్చారు. జారిపడి కాళ్ళు చేతులు విరిగేది నడిచేవాళ్ళకే కదా. అదే పద్ధతిని స్టాక్‌హోం అందుకుంది. 2016 నవంబర్‌లో విపరీతంగా మంచు కురిసేసరికి నగరం స్తంభించిపోయింది, అందరూ ఈ పద్ధతినే తిట్టారు. ఆలోచన తప్పు కాదు, కాలిబాటల మీద మంచు తీసే యంత్రాలు చాలినన్ని లేవు. లెక్క సరిగ్గా ఉన్నా బస్సు లేకపోతే మనకూ అదే గతి.

మరి లెక్క వద్దా? కావాలి. ముందే లెక్క తీసి ఉంటే ఆటోవాళ్ళ గోడు ముందే కనపడేది. పథకం మొదలయ్యాక ఆటోలకు గిరాకీ పడిపోయిందని గోల రేగింది. 2025 సెప్టెంబర్ 10న మన అనంతపురం సభలోనే ముఖ్యమంత్రి డ్రైవర్లకు తలా 15,000 రూపాయలు ప్రకటించారు, అక్టోబర్ 4న దాదాపు 2.9 లక్షల మందికి 436 కోట్లు వేశారు. ఇవ్వడం మంచిదే. కానీ అది పరిహారం. క్రాస్ నుంచి ఊళ్ళోకి, కాలనీలోకి బస్సు వేళకు ఆటో తిరిగేలా ఒప్పందం చేసుకుని ఉంటే అదే డబ్బు ప్రయాణంగా మారేది.

అదృష్టం ఏమిటంటే, లెక్కకు కావాల్సిన ముడిసరుకు ఇప్పుడు కండక్టర్ చేతిలోని మిషన్‌లోనే ఉంది. ఇంతకుముందు టికెట్ మీద పెద్దలు, పిల్లలు, సీనియర్ సిటిజన్లు అన్న తేడా తప్ప ఎక్కింది ఆడో మగో తెలిసేది కాదు. సున్నా టికెట్ వచ్చాక ఏ స్టేజిలో, ఏ వేళకు, ఎంతమంది ఆడవాళ్ళు ఎక్కి ఎక్కడ దిగారో రోజూ నమోదవుతోంది. హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో కన్సల్టెంట్లను పిలవనక్కర్లేదు. అయితే మిషన్‌కు కనపడేది ఎక్కినవాళ్ళే. క్రాస్‌లో మిగిలిపోయిన అవ్వ, ఆటోలో పోయిన కూలీ, ఊరికి దూరంగా ఉన్న ఎస్సీ కాలనీ నుంచి స్టాపు దాకా నడవలేక ప్రయాణమే మానుకున్నావిడ అందులో ఉండరు. ట్రాన్స్‌జెండర్లకు కూడా టికెట్ ఉచితమే, కానీ కార్డు మీద పాత పేరు, పాత ఫోటో ఉంటే ప్రతి ట్రిప్పుకూ బస్సంతా వినేలా సంజాయిషీ చెప్పుకోవాలి, అది తప్పించుకోవడానికి డబ్బులిచ్చి టికెట్ తీసుకుంటే ఆ లెక్కలోంచీ జారిపోతారు. కాబట్టి మిషన్ లెక్కతోపాటు డిపో మనిషి ఒకరు పనుల సీజన్‌లో కొన్ని క్రాసుల్లో నిలబడి ఎక్కలేనివాళ్ళను కూడా లెక్కబెట్టాలి.

ఇప్పుడు నా తీర్పు. అనంతపురం టౌను చుట్టుపక్కల, బస్సులు పది నిమిషాలకొకటి దొరికే రూట్లలో ఉచిత టికెట్టే మేలు, దానికి సాటి లేదు. పుట్లూరు, యల్లనూరు, కుందుర్పి లాంటి మండలాల లోపలి ఊళ్ళకు మాత్రం ఒక్కటే కోరుకోమంటే నేను సాయంత్రం ట్రిప్పే కోరుకుంటాను, దానికి టికెట్ పెట్టినా సరే. విశ్లేషణ అమరావతిలో నివేదికగా పుడితే దండగ, డిపో మేనేజర్ టేబుల్ మీద నెలకొక పేజీగా ఉంటే ఈ రెండిటికన్నా విలువైనది. నిర్ణయం ఆ టేబుల్ దగ్గరే జరుగుతుంది మరి.

ఇక రాయదుర్గం వాళ్ళది ఈ మూడిటికీ అందని చిక్కు. జీన్స్ కుట్టే ఆ ఊరి ఆడవాళ్ళకు పెద్దాసుపత్రన్నా, పెద్ద బజారన్నా బళ్ళారే. అంతర్రాష్ట్ర సర్వీసుల్లో స్త్రీ శక్తి చెల్లదు. కర్ణాటకలో 2023 జూన్ నుంచి నడుస్తున్న శక్తి పథకం ఆంధ్ర ఆధార్‌కు వర్తించదు. అటూ ఇటూ ఉచితమే, మధ్యలో ఉన్నావిడకు మాత్రం పూర్తి ఛార్జీ. సరిహద్దు స్టేజి దాకా సున్నా టికెట్ కొట్టి, అక్కడి నుంచి బళ్ళారికి మామూలు టికెట్ ఇవ్వొచ్చు. స్టేజీల వారీగా ఛార్జీ లెక్కగట్టే మిషన్‌కు అది కష్టమైన పనేం కాదు.