48 కిలోల టైటిల్ పోరుకు ముందు ఒక బరువు మిషన్‌తో నెలన్నర

హనుమకొండలో సాయంత్రం పూట నా దగ్గర బాక్సింగ్ నేర్చుకునే పిల్లల్లో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి నిరుడు రాష్ట్ర స్థాయి పోటీల్లో 48 కిలోల విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. ఈసారి ఆ టైటిల్‌ను నిలబెట్టుకోవాలి. దాని కోసం గ్లోవ్స్ కన్నా, షూస్ కన్నా ముందు కొన్న వస్తువు ఇంట్లో వాడుకునే డిజిటల్ బరువు మిషన్. చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో పదమూడు వందలకు తీసుకున్నాను. గాజు పలక, నాలుగు మూలల్లో నాలుగు రబ్బరు కాళ్లు, లోపల రెండు చిన్న బ్యాటరీలు, ఫోన్‌కు కలిపే యాప్. నెలన్నర పాటు రోజూ పొద్దున్నే వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. గచ్చు చదునుగా ఉన్నంత వరకు ఈ మిషన్ రోజురోజుకూ నిలకడగానే చూపిస్తుంది. అమ్మాయి బరువు రెండు వారాల్లో 50.1 నుంచి 49.3కు మెల్లగా దిగడం, మధ్యలో సద్దుల బతుకమ్మ మరునాడు మళ్లీ 49.9కు ఎక్కడం స్పష్టంగా కనిపించాయి. ఆ రాత్రి పద్మాక్షి గుట్ట దగ్గర ఆడి వచ్చి నువ్వుల సత్తు, పల్లి సత్తు ఎంత తిన్నదో నేను అడగలేదు, తను చెప్పలేదు. ఉప్పూ తీపీ ఎక్కువైన మరునాడు పెరిగే బరువులో చాలా భాగం నీరే కాబట్టి కంగారు పడవద్దన్నాను; రెండు రోజుల్లో దిగింది. ఇలా పోకడ తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. అంకెలు పెద్దవి, వెలుతురు తక్కువగా ఉన్న గదిలో కూడా కనబడతాయి, బ్యాటరీలు ఇంకా మార్చాల్సిన అవసరం రాలేదు. యాప్‌లో కొవ్వు శాతం, ఎముకల బరువు అంటూ చూపించే లెక్కల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అరికాళ్ల గుండా స్వల్ప విద్యుత్తు పంపి అంచనా కట్టే పద్ధతి అది. సాధనకు ముందు పొడి కాళ్లతో ఒక అంకె, తర్వాత చెమట కాళ్లతో ఇంకో అంకె వచ్చాయి. యాప్ తీసేశాను.

అసలు లోపం మూడో వారంలో బయటపడింది. అమ్మాయి మిషన్ ఎక్కితే 49.1 వచ్చింది. దిగి అర లీటరు నీళ్లు తాగింది. తాగిన నీటి బరువు అర కిలో కనుక 49.6 చూపించాలి, లేదా ఏ 49.5 అయినా రావాలి. మళ్లీ 49.1 వచ్చింది! "సార్, నేను తాగిన నీళ్లు ఎటు వోయినయి?" అని నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు.

మా నాన్న ఏటా ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలేవాడు. కాంటా మీద నమ్మకం, కాంటా మీద అనుమానం రెండూ నాకు ఇంట్లోనే అబ్బినవి. తరుగు పేరుతో బస్తాకు ఎంత పోయిందో లెక్క కట్టుకుంటూ పడుకున్న రాత్రులు గుర్తున్నాయి. అందుకే ఈ మిషన్‌ను తెలిసిన ఒక ధాన్యం వ్యాపారి దగ్గరకు తీసుకుపోయాను. ఆయన దగ్గర తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఇనుప బాట్లు ఉన్నాయి. గాజు పగలకుండా అట్టముక్క పరిచి, దాని బరువు లెక్కలోంచి తీసేసి, ఇరవై కిలోలవి రెండు, అయిదు కిలోలది ఒకటి, రెండు కిలోలది, కిలోది ఒక్కొక్కటి పేర్చాం. సరిగ్గా 48 కిలోలు. మిషన్ 48.2 చూపించింది. అంటే రెండు వందల గ్రాములు ఎక్కువ. ఇది పెద్ద తప్పు కాదు, రోజూ అంతే ఎక్కువ చూపిస్తే తీసేసుకోవచ్చు. బాట్లన్నీ దించి, తెర ఆరిపోయాక మళ్లీ పేర్చి, పైన రెండు వందల గ్రాముల బాటు అదనంగా పెట్టాం. 48.2 అలాగే ఉంది. మళ్లీ దించి, ఈసారి అయిదు కిలోల బాటు ఒక్కటే పెట్టి తీసి, ఆ తర్వాత అదే 48 కిలోల 200 గ్రాములు పేరిస్తే 48.4 వచ్చింది.

సంగతి ఇది. చవక రకం మిషన్లలో చాలా వాటికి వెనకటి అంకెను గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. కొత్త బరువు పాత బరువుకు దగ్గరగా ఉంటే, కొలిచిన అంకెను కాకుండా పాత అంకెనే మళ్లీ చూపిస్తుంది. ఎక్కిన ప్రతిసారీ అంకె కొద్దిగా మారితే కొన్నవాడికి అనుమానం వస్తుంది, ఒకే అంకె వస్తే మిషన్ గట్టిదని అనుకుంటాడు. డబ్బా మీద గానీ, లోపలి కాగితంలో గానీ ఈ మాట ఒక్క ముక్క లేదు. దానిని ఆపే బటన్ కూడా లేదు.

దుకాణానికి తిరిగి పోతే యజమాని మర్యాదగానే విన్నాడు, కుర్చీ వేశాడు, చాయ్ చెప్పాడు. చివరకు అన్నాడు: "సార్, గిదేమన్న బంగారం తూసే కాంటనా? పావు కిలో అటో ఇటో అయితే ఏమైతది?" మామూలు ఇంటికి ఆయన మాట నిజమే. 2024 ఆగస్టు 7న పారిస్‌లో 50 కిలోల కుస్తీ ఫైనల్‌కు ముందు వినేశ్ ఫోగాట్ వంద గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైన సంగతి గుర్తుచేశాను. ఆయన కాసేపు ఊరుకుని, మార్చి ఇస్తాను గానీ డబ్బు వాపసు రాదన్నాడు. మార్చి తెచ్చిన రెండోది కూడా అదే మోడల్, అదే బుద్ధి.

బరువు తక్కువ విభాగాల్లో వంద గ్రాముల విలువ బయటివారికి అంత త్వరగా తెలియదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ విజేత అయింది, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల్లో మళ్లీ గెలిచింది, 2025లో లివర్‌పూల్‌లో 51 కిలోల్లో బరిలోకి దిగి క్వార్టర్ ఫైనల్లో ఓడింది. ఒలింపిక్ విభాగాలు, కొత్త అంతర్జాతీయ సమాఖ్య (వరల్డ్ బాక్సింగ్) విభాగాలు మారిన కొద్దీ ఆ ఒకటి రెండు కిలోల చుట్టూనే ఆమె తిరగాల్సి వచ్చింది. అదే లివర్‌పూల్‌లో 48 కిలోల స్వర్ణం మీనాక్షి హుడాకు దక్కింది. మా అమ్మాయి ఫోన్ తెర మీద ఇప్పుడు ఆమె బొమ్మే ఉంది. ప్రొఫెషనల్ బాక్సర్లకు తూకం ముందు రోజు ఉంటుంది కాబట్టి ఒక రాత్రి తిని తాగి కోలుకుంటారు. మా పోటీల్లో బౌట్ ఉన్న రోజు పొద్దున్నే తూకం. చెమట పట్టించి, నీళ్లు మానేసి తూగినవాళ్లు అదే పూట రింగ్ ఎక్కాలి. మేరీ కోమ్ 2018లో పోలెండ్‌లో నాలుగు గంటల్లో రెండు కిలోలు తగ్గించుకుని గెలిచిన కథ పిల్లలందరికీ తెలుసు. అది ఆమెకు చెల్లింది. నా దగ్గర ఎవరినీ ఆ పని చేయనివ్వను.

ఈసారి ఫైనల్‌కు వస్తుందని నేను అనుకుంటున్న అమ్మాయి నిజామాబాద్ వైపుది, ఎడమచేతి వాటం, నిరుటి దాకా 51 కిలోల్లో ఆడింది. కిందికి దిగుతోందంటే ఎత్తు, చేతి పొడవు ఆమె వైపు ఉంటాయి. మొదటి రౌండ్ ఆమెదే కావచ్చు. మా అమ్మాయి తన ఎడమ పాదాన్ని ఆమె కుడి పాదానికి బయట పెట్టి, కుడి స్ట్రెయిట్ (కుడి చేత్తో నేరుగా కొట్టే దెబ్బ) వేయడం అలవాటు చేసుకోవాలి. అది కుదరనంత సేపూ ఆమె ఎడమ చేయి నేరుగా ముఖం మీదికి వస్తూనే ఉంటుంది. మూడు నిమిషాల రౌండ్లు మూడే, అయిదుగురు జడ్జీలు. మూడు కిలోలు దించుకుని వచ్చిన అమ్మాయికి మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కుతాయని నా లెక్క, అందుకే రెండో రౌండ్ నుంచే పొట్ట మీద కొట్టమని చెబుతున్నాను. ఈ లెక్కంతా నిలబడాలంటే మా అమ్మాయి ఆకలితోనో, దాహంతోనో కాకుండా మామూలుగా 48 లోపల తూగాలి. చివరి వారంలో రెండు వందల గ్రాములు దాచిపెట్టే మిషన్‌ను నమ్ముకుంటే ఆ పొద్దున తూకం దగ్గర పరుగులు పెట్టాల్సి వస్తుంది.

కాబట్టి ఇంట్లో బరువు చూసుకునేవారు దీనిని కొనుక్కోవచ్చు. అయిదుకు మూడు మార్కులు ఇస్తాను. విభాగం అంచున తూగే ఆటగాళ్లు కొనాలనుకుంటే దుకాణంలోనే ఒకసారి ఎక్కి, దిగి, చేతిలో అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని మళ్లీ ఎక్కి చూడాలి. అంకె మారకపోతే ఆ మోడల్ వద్దు. ఇప్పటికే కొన్నవారు ప్రతిసారీ ముందు ఏదైనా చిన్న బరువు పెట్టి తీసి, ఆ తర్వాత ఎక్కాలి. మేము అయిదు కిలోల డంబెల్ వాడుతున్నాం. ఎగుడుదిగుడు షాబాద్ బండల మీద పెట్టకూడదు, ఎందుకంటే బరువు నాలుగు కాళ్ల మీదా పడి, లోపలి లోహపు పట్టీలు వంగిన మేరకే అంకె వస్తుంది. ఒక కాలు తేలినా లెక్క తప్పుతుంది. రబ్బరు మ్యాట్ మీద కూడా వద్దు. వారానికి ఒకసారి ముద్ర ఉన్న కాంటాతో సరిచూసుకోవాలి. మేము శనివారం ఆ వ్యాపారి దగ్గరకే పోతున్నాం. ఆయన ఆడపిల్లను బస్తాల కాంటా మీద నిలబెట్టడానికి మొదట మొహమాటపడ్డాడు గానీ, ఇప్పుడు తానే అంకె చదివి గోడ మీద సుద్దతో రాసిపెడుతున్నాడు.

ఈ రోజు పొద్దున డంబెల్ పెట్టి తీసి చూస్తే మిషన్ 48.5 చూపించింది, రెండు వందలు తీసేస్తే 48.3. పోటీకి ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి. రాత్రికి రెండు జొన్న రొట్టెలు, పచ్చిపులుసు తినవచ్చునని చెప్పాను.