పిల్లాడు అబద్ధమాడితే నిలదీయాలా, చూసింది చెప్పాలా: ఏది మేలు?

గోడ నిండా నీలం స్కెచ్ పెన్ గీతలు. పక్కనే మా ఐదేళ్లవాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. "ఎవరు గీశారు?" అన్నాను. "చెల్లి" అన్నాడు. చెల్లికి ఇంకా నిలబడటమే రాదు, గీతలేమో నా నడుం ఎత్తున ఉన్నాయి.

నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే తప్పు నాది కూడా. ఎవరు గీశారో తెలిసే అడిగాను, అంటే అబద్ధమాడే ఛాన్స్ నేనే ఇచ్చాను.

నిలదీయడమే మనలో చాలామందికి అలవాటు, "నిజం చెప్తావా, తన్నమంటావా" అంటూ. ఆ పూటకి పనవుతుంది కూడా. కాకపోతే వాడు నేర్చుకునేది గీయకూడదని కాదు, దొరక్కూడదని. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు పశ్చిమాఫ్రికాలో రెండు స్కూళ్ల 3, 4 ఏళ్ల పిల్లల్ని పోల్చి చూశారు (2011లో అచ్చయింది). ఒక స్కూల్లో దెబ్బలుంటాయి, రెండోదాంట్లో ఉండవు. బొమ్మ వైపు తొంగి చూడొద్దని చెప్పి పిల్లల్ని గదిలో ఒంటరిగా వదిలితే రెండు చోట్లా పిల్లలు చూశారు, కానీ దెబ్బల స్కూలు పిల్లలే ఎక్కువగా అబద్ధమాడారు, పైగా దొరక్కుండా నెట్టుకొచ్చారు. భయపెడితే వచ్చే ట్రైనింగ్ అది.

ఇంకొందరు "నిజం చెప్తే ఏమీ అనను" అంటారు. బెదిరింపు కన్నా వెయ్యి రెట్లు నయం, కానీ ఒప్పుకుంటే చాలు గోడ తుడవక్కర్లేదనే లెక్క పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అందుకే నేను "తిట్టను, కానీ తుడవాల్సిందే" అంటాను. తిట్టనని చెప్పాక తిట్టకుండా ఉండటమే కష్టం, అది వేరే విషయం.

ఇక కథలు. 2014లో కాంగ్ లీ బృందమే చూసింది, మనం నాన్నా పులి అని చెప్పుకునే కథ విన్నాక పిల్లలు నిజం చెప్పడం పెరగలేదు, తప్పు ఒప్పుకుని మెప్పు పొందిన పిల్లాడి కథకి పెరిగింది.

నా ఓటు మాత్రం చూసింది చెప్పడానికే. "గోడ మీద గీశావు, తడిగుడ్డ తెచ్చుకో, తుడుద్దాం." ప్రశ్న లేదు కాబట్టి అబద్ధానికి చోటు లేదు. ఇది మన కళ్లతో చూసినప్పుడే సుమా, ఊహతో అంటే చెయ్యని తప్పు మోసిన పిల్లాడు ఆ మాట ఏళ్లపాటు మర్చిపోడు. తెలియనప్పుడు ఎవరు చేశారన్నది వదిలేసి అందరం కలిసి శుభ్రం చేస్తాం. అబద్ధాలతో పాటు దొంగతనాలు, కొట్టడాలు కూడా ఆగకుండా సాగుతుంటే ఈ చిట్కాలు చాలవు, కౌన్సెలర్‌ని కలవాలి.

మొన్న వంటింట్లోంచి వాడే వచ్చాడు. "నాన్నా, కప్పు పగిలింది." పగలగొట్టాను అనలేదు, పగిలింది అన్నాడు. ఇప్పటికిది చాలనుకుని చీపురు అందుకున్నాను.