నాలుగేళ్లుగా గిఫ్ట్ కార్డు వాడుతున్నాను: బ్యాలెన్స్‌లో కనిపించిందంతా మనది కాదు

మా ఆఫీసులో దసరాకు స్వీట్ బాక్సు మానేసి బ్యాంకు గిఫ్ట్ కార్డు ఇవ్వడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఏటా 5,000 రూపాయలు. మాది నల్లగొండ. ఇక్కడి సూపర్ మార్కెట్లలో, మెడికల్ షాపుల్లో, బట్టల దుకాణాల్లో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. పిన్ కొడితే చాలు. ఏటీఎంలో డబ్బు రాదు, ఇంకొకరికి పంపలేం, అయిపోతే మళ్లీ నింపలేం. రిజర్వు బ్యాంకు నిబంధనలే అలా ఉన్నాయి. ఒక్కో గిఫ్ట్ కార్డులో 10,000కు మించి వేయకూడదన్నది కూడా వాళ్ల నియమమే. ఇవేవీ నాకు లోపాలుగా అనిపించలేదు. నన్ను దెబ్బతీసింది ‘హోల్డ్’, అంటే అసలు బిల్లు వచ్చేదాకా బ్యాంకు కొంత డబ్బును పక్కన ఆపి ఉంచడం.

రెండో ఏడాది అమ్మను ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకెళ్లాం. ఆసుపత్రి దగ్గరే ఒక హోటల్లో గది తీసుకున్నాం. దిగేటప్పుడు కౌంటర్లో కార్డు అడిగితే గిఫ్ట్ కార్డు ఇచ్చి పిన్ కొట్టాను. ఫోన్‌కు 3,000 పోయినట్టు మెసేజ్ వచ్చింది. బ్యాలెన్స్ 2,000 చూపించింది. అడ్వాన్స్ కట్టేశాననే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత నేను డిశ్చార్జి కాగితాల కోసం లైన్లో నిలబడితే తమ్ముడు వెళ్లి గది ఖాళీ చేశాడు. ‘బిల్లు అయిపోయిందక్కా’ అన్నాడు. కార్డు నా పర్సులోనే ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత చూస్తే బ్యాలెన్స్ మళ్లీ 5,000. తమ్ముడు బిల్లు క్యాష్‌గా కట్టాడు, హోటల్ వాళ్లు నా అడ్వాన్స్ వాపస్ ఇచ్చారు అనుకున్నాను. ఉగాదికి ప్రకాశం బజార్లో పిల్లలకూ అమ్మకూ బట్టలు కొన్నాను, 4,650. మిగిలింది 350. ఇంకో పది రోజులకు హోటల్ బిల్లు 2,360 కార్డు మీద పడింది. బ్యాలెన్స్ మైనస్ 2,010! గిఫ్ట్ కార్డు మైనస్‌లోకి పోతుందని నేను కలలో కూడా అనుకోలేదు. కార్డులు కొన్నది మా ఆఫీసు కాబట్టి బ్యాంకు వాళ్లు ముందు మా మేనేజర్ సార్‌కు ఫోన్ చేశారు. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆఫీసులో అకౌంట్స్ చూసే నేనే బాకీ పడ్డానని ఆయన నోట వినడం చాలా బాధనిపించింది. ఆ మధ్యాహ్నమే బ్రాంచికి వెళ్లి కట్టేశాను.

అక్కడ కౌంటర్లో ఉన్న అమ్మాయి ఓపికగా చెప్పింది. కార్డు గీకినప్పుడు జరిగేవి రెండు పనులు. మొదట షాపు ‘ఇంత డబ్బు ఉందా’ అని అడుగుతుంది. ఉంటే బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన పెట్టేస్తుంది. దాన్నే హోల్డ్ అంటారు. డబ్బు ఇంకా మన కార్డులోనే ఉంటుంది, మనం ముట్టుకోలేం, అంతే. తర్వాత షాపు తరఫు బ్యాంకు అసలు బిల్లు పంపితే అప్పుడు డబ్బు నిజంగా కదులుతుంది. కిరాణా కొట్లో రెండూ ఒకే మొత్తం, ఒకటి రెండు రోజుల్లో ముగిసిపోతాయి కాబట్టి మనకు తేడా తెలియదు. హోటల్లో దిగేటప్పుడు బిల్లు ఎంతవుతుందో తెలియదు కనుక అంచనాగా ఎక్కువ ఆపుతారు. చివరి బిల్లు వేసేటప్పుడు కార్డు గానీ పిన్ గానీ మళ్లీ అక్కర్లేదు. తమ్ముడు కార్డు లేకుండానే గది ఎలా ఖాళీ చేశాడో నాకు అప్పుడు అర్థమైంది. హోటల్ వాళ్లు బిల్లు పంపడంలో ఆలస్యం చేస్తే హోల్డ్ గడువు తీరి డబ్బు తిరిగి వచ్చినట్టు కనిపిస్తుంది. బాకీ మాత్రం అలాగే ఉంటుంది.

అమెరికాలో ఉండే మా మరిది పెట్రోలు బంకుల్లోనూ ఇదే కథంటాడు. అక్కడ మనమే పోసుకుంటాం కాబట్టి ముందే పెద్ద మొత్తం ఆపేస్తారట. మన దగ్గర బంకులో అబ్బాయి 300 అంటే 300 కొడతాడు, ఆ బాధ లేదు.

ఇంకోసారి బట్టల షాపులో మిషన్ ‘ఫెయిల్’ అంది, డబ్బు మాత్రం కట్ అయింది. మళ్లీ గీకితే బ్యాలెన్స్ చాలలేదు. క్యాష్ కట్టి వచ్చాను. నాలుగో రోజు డబ్బు దానంతటదే తిరిగి వచ్చింది. ఇలాంటప్పుడు ఐదు రోజుల్లోపు వెనక్కి రావాలని, దాటితే రోజుకు 100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. అందుకే ఫెయిల్ స్లిప్పు పారేయకండి, షాపువాళ్లను అడిగి మరీ తీసుకోండి.

ఇప్పుడు ఈ కార్డు హోటల్‌కు ఇవ్వను. ధర ముందే తెలిసిన చోట మాత్రమే వాడతాను. చివర్లో చిల్లర మిగిలితే బిల్లు కొట్టకముందే చెబుతాను: ‘అన్నా, కార్డు మీద 640 కొట్టు, మిగిలినవి క్యాష్ ఇస్తా.’ చెప్పకపోతే మిషన్ మొత్తం బిల్లు అడిగి తిరగ్గొడుతుంది. ఖాళీ అయిన కార్డును కూడా గడువు తీరేదాకా బీరువాలో ఉంచుతాను. ఒకసారి ఆన్‌లైన్లో కొన్న చెప్పులు వెనక్కి పంపితే 799 రూపాయలు ఆ ఖాళీ కార్డులోకే వచ్చాయి.

ఈ ఏటి కార్డులో ఇంకా 412 ఉన్నాయి. హోల్డ్ ఏమీ లేదని పొద్దున్నే స్టేట్‌మెంట్ చూసుకున్నాను. సాయంత్రం అమ్మ బీపీ మాత్రలకు సరిపోతాయి.