స్పెక్ట్రమ్ మేలా, కమోడోర్ 64 మేలా?

పాత ఇంటి కంప్యూటర్లను ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) నడిపి చూద్దామని సరదాపడేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: సింక్లెయిర్ స్పెక్ట్రమ్ పెట్టుకోమంటారా, కమోడోర్ 64 పెట్టుకోమంటారా? రెండూ 1982లో వచ్చినవే.

కాగితం మీద చూస్తే అసలు పోటీయే లేదు. కమోడోర్‌లో 64 కేబీ మెమరీ, ఎనిమిది స్ప్రైట్లు (తెర మీద విడిగా కదిలే బొమ్మలు), బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ అనే ధ్వని చిప్‌లో మూడు గొంతులు. స్పెక్ట్రమ్‌ది ఒంటి బీప్. రంగుల సంగతి మరీ అన్యాయం. 8×8 చుక్కల గడికి రెండే రంగులు కాబట్టి ఎర్ర బొమ్మ ఆకుపచ్చ చెట్టును రాసుకుంటూ వెళ్తే చెట్టూ ఎర్రబడుతుంది. అది పొదుపు ఫలితం: తెర మొత్తం రంగులకు 768 బైట్లతో సరిపెట్టారు. స్పెక్ట్రమ్ తెచ్చిన క్లైవ్ సింక్లెయిర్ పట్టంతా ధర మీదే. 16 కేబీది 125 పౌండ్లు, 48 కేబీది 175. కమోడోర్ అమెరికాలో 595 డాలర్లతో మొదలైంది. ఆ తర్వాత కమోడోర్ అధిపతి జాక్ ట్రామియెల్ ధర తెగ్గోశాడు. చిప్పులు చేసే మాస్ టెక్నాలజీ కమోడోర్ సొంతమే కాబట్టి అది ఆయనకు చెల్లింది.

ఇప్పుడు మనకు ధరతో పనిలేదు. నేను చూసేది ఒకటే: ఏమీ తెలియని పిల్లవాడు స్విచ్ వేసి ఒక సున్నా గీయాలంటే ఎంత పని?

స్పెక్ట్రమ్‌లో ఉన్న బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్క లైను. సర్కిల్ 128, 88, 50 అంటే తెర మధ్యలో సున్నా పడుతుంది. బీప్ 1, 0 అంటే సెకను పాటు స్వరం. లైనులో వ్యాకరణం తప్పితే ఎంటర్ కొట్టగానే ప్రశ్నార్థకం మిణుకుమంటుంది, సరిచేసేదాకా లోపలికి రానివ్వదు. పి నొక్కితే ప్రింట్ అన్న మాటంతా పడుతుంది, స్పెల్లింగు గొడవ లేదు. రబ్బరు కీల బాధ ఎమ్యులేటర్‌లో ఎలాగూ ఉండదు.

కమోడోర్ బేసిక్‌లో సర్కిల్ అన్న మాటే లేదు. సంగీతానికి అంత పేరున్న యంత్రంలో ఒక్క స్వరం పలకాలంటే 54272 దగ్గర మొదలయ్యే మెమరీ అరల్లోకి వరసగా పోక్‌లు (అరలో నేరుగా అంకె పెట్టే ఆదేశాలు) కొట్టాలి. పాపం చిప్పులది కాదు. 1977 నాటి తమ పెట్ కంప్యూటర్ కోసం మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్న బేసిక్ వంశాన్నే ఇందులోనూ కొనసాగించారు. ఓపికగా పోక్‌లు కొట్టినవాడికి మెమరీ లోతు తెలిసొస్తుంది, నిజమే. కానీ ఆ ఓపిక మొదటి సాయంత్రమే అడిగితే ఎలా?

ఆ కాలపు మరో కంప్యూటర్ బీబీసీ మైక్రోలోని బేసిక్ ఈ రెంటికంటే చక్కనిది, రాసింది సోఫీ విల్సన్. బడిపిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి 1984లో మొదలైన క్లాస్ పథకంలో మన బడులకు వచ్చిందీ ఆ యంత్రమే. అయితే అందులోనూ సున్నాకు సైన్, కొసైన్ లెక్క వేసుకోవాలి. ఆ కాలపు ఇంకో యంత్రం డ్రాగన్ 32 గురించి అడగకండి, తెర మీద సరైన చిన్నక్షరాలే లేవు.

ఆటలకైతే కమోడోరే. మిగతావాళ్లు 48 కేబీ స్పెక్ట్రమ్ పెట్టుకోండి. సర్కిల్ ఎక్కడుందో వెతుక్కుంటూ విసిగిపోకండి: క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ కలిపి నొక్కి వదిలి, మళ్లీ సింబల్ షిఫ్ట్ పట్టుకుని హెచ్.